బెల్లంలా పుల్లగా ఉంటుందట అల్లం

అల్లం అంటే నాకు తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నాడట వెనకటికొకడు. ఆ వెనకటివాడు ఇప్పుడు మన ఫోన్లలోకి వచ్చి కూర్చున్నాడు. పొద్దున ఆరు గంటలకల్లా గులాబీ పువ్వు బొమ్మ కింద అల్లంతో నయమయ్యే రోగాల పట్టీ పంపిస్తాడు. చక్కెర జబ్బు, కీళ్లవాతం, థైరాయిడ్, గుండెపోటు, క్యాన్సరు. అల్లం పొట్టు ఎలా తీయాలో వాడికి తెలియదు. ఎవరికి పెట్టాలో తెలియదు, ఎవరికి పెట్టకూడదో అసలే తెలియదు. అయినా జనం వింటున్నారు. తమిళనాడు సరిహద్దులోని మా హోసూరులో వింటున్నారు, మా జిల్లా కృష్ణగిరిలో వింటున్నారు, మా ఇంట్లోనే విన్నారు. విన్నందుకు మా చిన్నాయన గుండె సగం చచ్చుబడింది.

ఆ రాత్రి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. రాత్రి తొమ్మిదింటికి, సంగటి తిని లేచాక, చిన్నాయనకు రొమ్ము మధ్యలో ఎవరో కూర్చున్నట్టు బరువెత్తింది. ఎడమ చెయ్యి లాగుతోంది. చొక్కా తడిసిపోయేంత చెమట. గ్యాసు పట్టింది అన్నాడు. చిన్నమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇంట్లో ఉన్నది కొడుకు, కోడలు. కోడలు ఫోను తీసింది. అల్లం రసం, వెల్లుల్లి రసం, నిమ్మరసం, యాపిల్ వెనిగర్ కలిపి కాచి, తేనె వేసి తాగితే గుండె నాళాల్లోని అడ్డంకులు కరిగిపోతాయన్న సందేశం మా చుట్టాల గ్రూపులోనే ఆరు నెలలుగా తిరుగుతోంది. వెనిగర్ ఒక్కటి లేదు, మిగతావి కలిపి తాపారు. పదకొండుకు ఒకసారి, రెండింటికి ఒకసారి మళ్లీ తాపారు. తెల్లవారి ఐదింటికి నాకు ఫోను వచ్చింది. ఆస్పత్రి మెట్లెక్కేసరికి పొద్దున తొమ్మిది దాటిపోయింది. అంటే నొప్పి మొదలై పన్నెండు గంటలు. డాక్టరు గుండె పటం చూసి తల అడ్డంగా ఊపింది. గుండె రక్తనాళం మూసుకుంటే నిమిషాల లెక్క అమ్మా, మీరు రాత్రంతా పోగొట్టారు అంది.

బతికాడు. ఇప్పుడు ఆవుకు గడ్డి కోయలేడు. రెండు మెట్లెక్కితే ఆయాసం.

ఆ కోడలు పిల్లను నేను తిట్టలేదు. తిట్టాల్సింది ఆమెను కాదు. భయపడ్డ మనిషి చేతికి అందిందాన్ని పట్టుకుంటుంది. ఆమె చేతికి అందింది ఫోను ఒక్కటే. ఆ ఇంట్లో ఇంకో నోరు లేదు. ఆ నోరు ఎట్లా పోయింది, ఎవరు పోగొట్టారు అన్నదే నా గొడవ.

ఆ నోరంటే మా అవ్వ. ఆమెది హోసూరు దగ్గర బేరికి పక్కన పల్లె. బడి మొగం చూసిన మనిషి కాదు. తెలుగు ఆమెకు ఇంటి మాట, కన్నడం సంత మాట, తమిళం కచేరీ మాట. మూడింటిలోనూ బేరమాడేది, మూడింటిలోనూ పోట్లాడేది. ఆమె లెక్కలో అల్లం వేరు, సొంటి వేరు. అల్లం వంటింట్లో తడి ఇసుక పోసిన కుండలో ఉండేది. సొంటి మాత్రం దేవుడి గూటి పక్కన గుడ్డ మూటలో మిరియాలు, పిప్పళ్లు, వాము, కరక్కాయలతో కలిసి ఉండేది. అల్లం ఎవరైనా తీసుకోవచ్చు. సొంటి మూట ముట్టాలంటే అవ్వను అడిగి తీరాలి.

ఎవరికి దగ్గు వచ్చినా ఆమె ముందు మందు తీయదు. అడుగుతుంది. "పొడిదగ్గా, కళ్లె పడతాండాదా? రాత్రి ఎక్కువా, పగులు ఎక్కువా? కడుపులో మంట ఉండాదా?" మంట ఉందంటే అల్లం మాటే ఎత్తదు. మజ్జిగన్నం తిని పడుకో అంటుంది. ఒళ్లు కాలడం మూడు దినాలు దాటినా, బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా ఆ మూట ముడి విప్పదు. "బండి కట్టండ్రా" అంటుంది. బండి అంటే హోసూరు పెద్దాస్పత్రికి. రొమ్ములో నొప్పికీ ఆమె నోట వచ్చేది ఆ మాటే. రొమ్ము నొప్పికి సొంటి ఇచ్చి కూర్చుంటే పీనుగ లేస్తుందిరా అని అరిచేది.

ఫార్వర్డులో లేనిది ఇదే. ఏది ఎప్పుడు ఇవ్వకూడదో అందులో ఉండదు. నాటు వైద్యం అంటే మందుల పట్టీ అనుకుంటున్నారు. అవ్వ దగ్గర పట్టీ చిన్నది, అడగాల్సిన ప్రశ్నల పట్టీ పెద్దది.

ఆమె అల్లం రసం తీస్తుంటే పక్కన కూర్చుని చూసిన కళ్లు నావి. ముదురు అల్లం తీసుకునేది. పీచు లేని లేత అల్లం మురబ్బాకు బాగుంటుంది, రసానికి చాలదు. కణుపుల సందుల్లో మట్టి పోయేదాకా కొబ్బరి పీచుతో రుద్దేది. పొట్టు తీయడానికి కత్తి పట్టేది కాదు. చెంచా అంచుతో గీరేది. కత్తి పెడితే పొట్టుతో పాటు ఘాటూ పోతుందని ఆమె పట్టు. సన్నికల్లు మీద పొత్రంతో నూరి, తడి గుడ్డలో వేసి పిండి, ఆ రసం గిన్నెను కదపకుండా ఒక మూల పెట్టేది. మేం కదిపితే చెయ్యి మీద ఒక్కటి పడేది. కాసేపటికి గిన్నె అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది, గంజి దిగినట్టు. పైన బంగారు రంగు తేట నిలుస్తుంది. ఆ తేట మాత్రం మెల్లగా వంచుకుని మడ్డి పారబోసేది. ఒక చెంచా తేటకు రెండు చెంచాల తేనె, పెద్దవాళ్లకు. బడికి పోయే బిడ్డకు అందులో సగం. రోజుకు రెండుసార్లు, అదీ మూడు రోజులే. నాలుగో రోజు దగ్గు ఉంటే మళ్లీ ప్రశ్నలు మొదలు.

అవ్వ చేసిందంతా వేదం అనడం లేదు. పుట్టిన బిడ్డ నాలుకకు ఆమె తేనె రాసేది. అది తప్పు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెడితే బొటులిజం అనే విషబాధ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. పిల్లల డాక్టర్లు మొత్తుకుని చెబుతున్నారు. అవ్వ బతికుంటే ఆమెకూ చెప్పేదాన్ని. వినేది కూడా. ఎందుకంటే ఆమె అడిగే మనిషి. అడగడం తెలిసినవాళ్లకు దిద్దుకోవడం తెలుస్తుంది.

ఇక సొంటి. సానమీద నాలుగు చుక్కల నీళ్లు వేసి సొంటి కొమ్ము అరగదీస్తే గంధంలా దిగుతుంది. తలనొప్పికి అది నుదుటికి పట్టు. చురుక్కుమంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, పిల్లలు పారిపోతారు. బాలింతకు మొదటి ముద్ద సొంటిపొడి, నెయ్యి, వేడన్నం. కాన్పయిన ఇంట్లో కాయం వండుతుంటే సొంటి, పిప్పలి, వాము, బెల్లం, నెయ్యి కలిసిన ఆ వాసన వీధి చివరిదాకా వచ్చి, బిడ్డ పుట్టిందని ఊరికి చెప్పేది. శ్రీరామనవమి పానకంలో మిరియంతో పాటు సొంటి. దీపావళి తెల్లవారుజామున తలంటుకుని గోలీకాయంత లేహ్యం మింగడం తమిళుల ఇళ్ల నుంచి మా ఇళ్లకు నడిచొచ్చిన అలవాటు, మంచి అలవాటు. శొంటి లేని కషాయం లేదు అన్న సామెత ఊరికే పుట్టలేదు. అయితే కషాయంలో శొంటి ఉంటుందని చెప్పిన పెద్దలు, ప్రతి రోగానికీ శొంటే మందని చెప్పలేదు.

అల్లం, సొంటి వేరు సరుకులన్న అవ్వ మాటను రసాయనశాస్త్రం కాదనదు. పచ్చి అల్లంలో ఘాటు ముఖ్యంగా జింజెరాల్ అనే పదార్థానిది. ఎండేకొద్దీ అందులో కొంత షోగాల్ అనే పదార్థంగా మారుతుంది. షోగాల్ ఘాటు జింజెరాల్ ఘాటుకు దాదాపు రెట్టింపు. అల్లాన్ని ఉడికిస్తే జింజెరోన్ అని ఇంకొకటి పుడుతుంది, అది మెత్తని వాసన, నాలుకను కరవదు. అందుకే పెసరట్టు మీద చల్లిన పచ్చి అల్లం ఒక రుచి, పులుసులో మరిగిన అల్లం ఇంకో రుచి, కాయంలో సొంటి వేరే రుచి. పైగా ఐదు కిలోల అల్లం ఎండితే సుమారు కిలో సొంటి వస్తుంది. అంటే ఒక చెంచా సొంటిపొడిలో ఎంత అల్లం దాగి ఉందో లెక్క వేసుకోండి. ఫోనులో వచ్చే సందేశం మాత్రం "జింజర్ ఒక స్పూన్" అంటుంది. ఏ జింజరు? పచ్చిదా, ఎండుదా? తురుమా, పొడా, తేటా? ఆ ఒక్క మాట వెనక ఐదు వేర్వేరు మోతాదులున్నాయి.

నా కోపమంతా ఈ జింజర్ అనే మాట దగ్గరికే వచ్చి ఆగుతుంది. తెలుగులో అల్లం, శొంటి. తమిళంలో ఇంజి, సుక్కు. సంస్కృతంలో ఆర్ద్రకం, శుంఠి. కన్నడంవాళ్లు రెంటినీ శుంఠి అన్నా, హసి శుంఠి, ఒణ శుంఠి అని పచ్చిని ఎండును విడదీసి చెబుతారు. హోసూరు చుట్టూ ఉన్న మా మొరసునాడులో ఏ ఇంటి భాష అయినా ఈ తేడాను నోట్లోనే పెట్టుకుని తిరిగింది. ఇంగ్లీషు జింజర్ కూడా మన గడ్డ మీది మాటే. ద్రవిడ భాషల ఇంజివేరు లాంటి మాట పాళీలో సింగివేర అయి, గ్రీకు, లాటిన్ నోళ్లలో నలిగి, వ్యాపారుల వెంట ఊళ్లు తిరిగి జింజర్ అయింది. అంత దూరం పోయి తిరిగొచ్చి, మన వంటింట్లోని రెండు మాటలను మింగి కూర్చుంది. మా వీధిలో ఆరో తరగతి చదివే పిల్లను సొంటి తెమ్మని అంగడికి పంపాను. ఉత్త చేతులతో వచ్చింది. "సొంటి అంటే ఏంది అవ్వా" అంది. డ్రై జింజర్ అన్నాను, నా నోటితో నేనే. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

నేను ముప్పై ఏళ్లు ఈ తాలూకాలో తెలుగు పంతులమ్మను. ఏం జరిగిందో నా కళ్ల ముందే జరిగింది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలను విడదీసినప్పుడు మా హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికి ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. పదో తరగతి దాకా వచ్చేసరికి తెలుగు పిల్లల కోసం మినహాయింపు అడుగుతూ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. నా తరగతి గదిలో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చివరి ఏళ్లలో ముందు బెంచీ ఒక్కటే నిండేది.

తమిళాన్ని నేను తప్పు పట్టను. ఉన్న నేల భాష నేర్వడంలో నష్టం లేదు, నేనూ నేర్చాను. నాతో పనిచేసిన తమిళ టీచరమ్మ వాళ్లమ్మ ఒక మాట చెప్పేది. సుక్కుకు పైపొట్టు విషం, కరక్కాయకు లోపలి గింజ విషం, రెండూ తీసి వాడు అని. విషం అన్నది పెద్ద మాటే, పొట్టు తింటే ఎవరూ చావరు. అయినా ఆ మాటలో జాగ్రత్త ఉంది చూడండి. అది మా అవ్వ మాటకు తోబుట్టువు. తమిళం మా సొంటిని చంపలేదు. తెలుగు ఖాళీ చేసిన జాగాలోకి తమిళమూ పూర్తిగా రాలేదు. ఇంగ్లీషు మీడియం వ్యాను వచ్చింది, పసుపు రంగు వేసుకుని, ప్రతి పల్లె మలుపులో. దానిలోకి పిల్లల్ని ఎక్కించింది ఏ ప్రభుత్వమూ కాదు. మనమే ఎక్కించాం. ఇంట్లో కూడా మమ్మీ, జింజర్, హనీ అని మాట్లాడించింది మనమే. అవ్వ మాట మనవరాలికి అర్థం కాకుండా చేసి, ఆ అవ్వను టీవీ ముందు కూర్చోబెట్టి, ఇప్పుడు ఇంటి వైద్యం కావాలని ఫోను వెతుక్కుంటున్నాం. ఇంతకంటే సిగ్గుమాలిన పని ఇంకేముంది?

మాట పోతే చెయ్యి కూడా పోతుంది. కృష్ణగిరి అంటే గ్రానైటు. మా కొండల్ని కోసి పలకలు చేసి ఓడల్లో దేశదేశాలకు పంపుతున్నారు. అలాంటి జిల్లాలో వంటింట్లో నూరే రాయి లేదు. మా అవ్వ సన్నికల్లు కూడా మా తమ్ముడి ఇంటి పెరట్లో పూలకుండీ కింద పీట అయింది. లేపి కడిగి ఇంటికి తెచ్చుకున్నాను. దాని మధ్యలో అల్లం నూరి నూరి పడిన గుంట ఇంకా ఉంది. నాలుగు వేళ్లు పెడితే సరిగ్గా సరిపోతుంది.

ఆ రాయి జాగాలోకి ప్యాకెట్టు వచ్చింది. అల్లంవెల్లుల్లి పేస్టు. ప్యాకెట్టు వెనక చదవండి, కళ్లజోడు పెట్టుకుని చదవండి. అల్లం, వెల్లుల్లితో పాటు ఉప్పు, పులుపు నిలిపే ఆమ్లం, చెడిపోకుండా ఒక రసాయనం, చిక్కబడటానికి ఒక జిగురు. ఇది చట్టం ఒప్పుకున్న మంచి సరుకు సంగతి. చట్టం ఒప్పుకోనిది ఇంకా ఉంది. హైదరాబాదులో పోలీసులు కల్తీ పేస్టు తయారుచేసే షెడ్ల మీద మళ్లీ మళ్లీ దాడులు చేశారు. కుళ్లిన వెల్లుల్లి, రంగులు, ఆసిడ్ డబ్బాలు, ఈగలు మూగిన డ్రమ్ములు పేపర్లలో బొమ్మలతో సహా వచ్చాయి. అయినా చవగ్గా దొరికితే కొంటున్నాం. 2023లో అల్లం కిలో రెండు వందలు దాటి పైపైకి పోయింది. అల్లం అంత ఖరీదున్నప్పుడు పేస్టు ప్యాకెట్టు పాత ధరకే ఎట్లా వస్తోందని ఒక్కరైనా అడిగారా?

కల్తీ లేకపోయినా నాకు ఆ ప్యాకెట్టు మీద ఇంకో కోపం ఉంది. అల్లాన్నీ వెల్లుల్లినీ అది ఒకే మాటగా కుట్టేసింది. అల్లం ఒంటరిగా నిలబడే వంటలు ఎన్ని ఉన్నాయి! పెసరట్టులోకి అల్లం పచ్చడి, చింతపండు, బెల్లం, మిరపకాయతో. ఉప్మాలో సన్నని తరుగు. ఎండాకాలం మజ్జిగలో దంచిన అల్లం, కరివేపాకు, ఇంగువ. గుడి ప్రసాదాల్లో వెల్లుల్లి తగలని అల్లం. టీ. వీటిలో ఒక్కదానిలోనూ ప్యాకెట్టు పనికిరాదు. అందుకే అవి ఇళ్లలోంచి పోతున్నాయి. ప్యాకెట్టు ఉన్న ఇంట్లో ప్రతి కూరా ఒకే వాసన. మా శూలగిరి బస్టాండు దగ్గర టీ అంగడాయన ఇప్పటికీ చిన్న ఇనప కల్వంలో అల్లం ముక్క వేసి, టీ మరిగేటప్పుడు నాలుగు దెబ్బలు కొట్టి వేస్తాడు. ముందే నలగ్గొట్టి పెట్టుకుంటే వాసన గాలికి పోతుందమ్మా అంటాడు. ఆ మనిషికున్న పట్టింపు మన ఇళ్లలో లేదు.

ఇది రాస్తున్నది చలికాలంలో. హోసూరు చలి తెలిసినవాళ్లకు అనపకాయ తెలుస్తుంది. రైతులు నేరుగా అమ్మే హోసూరు ఉళవర్ సందైలో ఈ నెలల్లో అనపకాయ గుట్టలు పోసి ఉంటాయి, మంచు పడి నూనె తేలిన కాయ, ముట్టుకుంటే చేతికి వాసన అంటుతుంది. గింజలు వలిచి రాత్రి నానేసి, పొద్దున ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ల మధ్య పితికితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. అదే పితికిన పప్పు. దానికి అల్లం, వెల్లుల్లి, పచ్చికొబ్బరి, ధనియాలు, పచ్చిమిరప, కొత్తిమీర సన్నికల్లు మీద నూరిన ముద్ద. ఇక్కడ అల్లం, వెల్లుల్లి కలవాలి, కలిసి తీరాలి. అల్లం కాస్త ఎక్కువే పడాలి. పప్పు వాతం చేస్తుంది, అల్లం దాన్ని పట్టుకుంటుంది అనేది అవ్వ. పక్కన రాగి సంగటి. ఈ పులుసు ప్యాకెట్టు పేస్టుతో కూడా చేసి చూశాను, పోల్చి చెప్పాలని. పితికిన పప్పు వాసన చచ్చిపోయింది. ఏడాదిలో మూడు నెలలు దొరికే కాయకు ఆ గతి పట్టించడం పాపం.

ఇక ఫోను దగ్గరికి మళ్లీ రావాలి, ప్రాణాలు పోతున్నది అక్కడే కాబట్టి. అల్లం కీమోథెరపీ కంటే పదివేల రెట్లు గొప్పదని మా ఊళ్లో క్యాన్సరు వచ్చిన మనిషికే ఎవరో పంపారు. ఆ పదివేలు ఎక్కడిదో వెతికాను. 2015లో వచ్చిన ఒక పరిశోధన. ప్రయోగశాలలో పెంచిన రొమ్ము క్యాన్సరు కణాల మీద షోగాల్‌ను, ఒక క్యాన్సరు మందును పోల్చి చూశారు. గాజు పాత్రలో ఉన్న కణాల మీద, మనిషి మీద కాదు. అల్లం టీ మీద అసలే కాదు. పరిశోధకులు నిజాయితీగా చేసిన పనిని మోసంగా మార్చింది దాన్ని పంపినవాళ్లు. క్యాన్సరు, చక్కెర జబ్బు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం ఈ దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం పేపరులో ప్రకటన ఇచ్చినవాణ్ని పట్టుకుంటుంది. పేరు లేని సందేశాన్ని ఎవరు పట్టుకుంటారు?

2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్ శాఖ తులసి, దాల్చినచెక్క, సొంటి, మిరియాల కషాయం చెప్పింది, ఒంట్లో రోగనిరోధక శక్తి పెంచుకోవడానికని. తమిళనాట కబసుర కుడినీరు పంచారు, అందులోనూ సొంటి ఉంది. రోజుకు ఒకటి రెండుసార్లు తాగమన్నదాన్ని మా వీధిలో ఐదారుసార్లు తాగి, కడుపు మంటలతో మెలికలు తిరిగినవాళ్లను చూశాను. అది తాగాం కదా, మాకేం కాదని మాస్కు తీసి పెళ్లికి పోయినవాళ్లనూ చూశాను.

అల్లం చేసే మేలు నిజంగా ఉంది, ఆ నిజం చెప్పేవాళ్లే కరువయ్యారు. వికారానికి, వాంతికి అల్లం పనిచేస్తుందని మంచి పరిశోధనలు ఉన్నాయి. వేవిళ్ల వాంతులకు డాక్టర్లే చెబుతారు. ఆ పరిశోధనల్లో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు ఒక గ్రాము సొంటిపొడి. ఒక్క గ్రాము! గ్లాసులకు గ్లాసులు కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టరును అడగకుండా అల్లం, సొంటి మోతాదు పెంచకూడదు. కూరలో వేసుకునే అల్లానికి భయం లేదు. మందుగా తాగేది మందే, దానికి కొలత ఉండాలి. మా చిన్నాయన ఇప్పుడు రక్తం పలచబడే మాత్రల మీదే ఉన్నాడు. ఆయనకే మొన్న ఎవరో మళ్లీ పంపారు, అల్లం, వెల్లుల్లి, నిమ్మ, తేనె.

ఆ సందేశం కింద మా చుట్టాల గ్రూపులో జరిగిందంతా రాశాను. ఆ రాత్రి ఏం తాపారో, ఎన్ని గంటలు పోయాయో, డాక్టరు ఏమందో. అవ్వ ప్రశ్నలు రాశాను, బండి కట్టమన్న మాట రాశాను. తెలుగులో రాశాను. సగం మంది చదవలేదు, వాళ్లకు తెలుగు చదవడం రాదు. ఒకాయన ఇంగ్లీషులో పెట్టమన్నాడు. ఇంకొకాయన ఇంటి పరువు బజారుకెక్కిస్తావా అన్నాడు. సాయంత్రానికి నన్ను గ్రూపులోంచి తీసేశారు.

ఫోను నంబర్లు నా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరికీ చేస్తున్నాను. రొమ్ములో నొప్పి వస్తే ఏం చేస్తావు అని అడుగుతున్నాను, 108కి ఫోను చేస్తాను అనేదాకా వదలడం లేదు. ఆ తర్వాత పిల్లల్ని పిలిపించి, అల్లం ఏది, సొంటి ఏది అని అడుగుతున్నాను. నిన్న రాత్రికి పదకొండు ఇళ్లయ్యాయి. ఇంకా అరవై ఒకటి ఉన్నాయి.